ఏం చదవమంటారు అని ఎవరైనా అడిగినప్పుడు

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్ళు "మీకు ఇష్టమైన రచయితల గురించి చెప్పండి, మేం చదవాల్సిన పుస్తకాలు కూడా చెప్పండి" అన్నారు. సరేనని కాగితం ముందేసుకుని పేర్లు రాయడం మొదలుపెట్టాను. రెండు పేజీలు నిండాయి. నిండాక ఒకసారి చదువుకున్నాను. ఈ రెండు పేజీలూ మీకు చదివి వినిపిస్తే, మీరు మర్యాదగా వింటారు, కొందరు ఫోన్లో రాసుకుంటారు కూడా, కానీ ఇంటికెళ్ళాక అందులో ఒక్క పుస్తకమైనా తెరుస్తారన్న నమ్మకం నాకు కలగలేదు. ఆ కాగితం ఇంట్లోనే వదిలేసి వచ్చాను.

ఇది ఊరికే అనడం లేదండీ. చాలా ఏళ్ళపాటు ఎవరు "ఏం చదవమంటారు?" అని అడిగినా నేను లిస్టే ఇచ్చాను. అడిగినవాళ్ళు సంబరపడేవాళ్ళు, నేనూ సంబరపడేవాణ్ణి. ఆర్నెల్ల తర్వాత కలిసినప్పుడు "ఏవైనా చదివారా?" అంటే "ఇంకా మొదలుపెట్టలేదండీ, లిస్టు మాత్రం జాగ్రత్తగా ఉంది" అనేవాళ్ళు. యాభై పేర్లు ఇస్తే మనిషి ఏది ముందు పట్టుకోవాలో తెలియక దేన్నీ పట్టుకోడు. యాభై గొప్ప పుస్తకాలు ఎదురుగా నిలబడితే, అవన్నీ చదవనందుకు తనదే తప్పన్నట్టు ఒక బరువు మీద పడుతుంది. చదవాలన్న ఆశతో అడిగినవాడికి నేను అపరాధభావం ఇచ్చి పంపానన్నమాట. ఇది అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

అంతకంటే పెద్ద తప్పు ఒకటి చేశాను, అది కూడా చెప్తాను. నా స్నేహితుడొకడు, బాగా దగ్గరివాడు, ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న రోజుల్లో "బుర్ర పనిచేయడం లేదు, ఏదైనా మంచి పుస్తకం ఉంటే ఇవ్వరా" అన్నాడు. నేను అప్పుడే గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' రెండోసారి చదివి ఆ మత్తులో ఉన్నాను. ఒక మనిషి తన ఆలోచనల్లో తానే ఇరుక్కుని, ఎవరితోనూ కలవలేక, లోపల్లోపల కూలిపోవడాన్ని అంత దగ్గరగా చూపించిన నవల తెలుగులో అరుదు. ఆ పుస్తకం మీద నాకున్న గౌరవం ఈరోజుకీ తగ్గలేదు. కానీ అప్పుడు వాడున్న స్థితి ఏమిటి, నేను చేతిలో పెట్టింది ఏమిటి? పది రోజులకి తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇది నాకెందుకు ఇచ్చావ్?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేను ఆ పుస్తకం వాడి కోసం ఇవ్వలేదు, నా కోసం ఇచ్చాను. నాకు నచ్చింది ఇంకొకరికీ నచ్చితే వచ్చే ఆనందం కోసం ఇచ్చాను.

ఆ రోజు నుంచి నేను పేరు చెప్పేముందు అడగడం నేర్చుకున్నాను. ఏం అడుగుతానంటే, "మీకిష్టమైన రచయిత ఎవరు?" అని మాత్రం అడగను. ఆ ప్రశ్నకి చాలామంది బాగుంటుందనిపించిన పేరు చెప్తారు. పెద్ద పేరు చెప్పకపోతే చిన్నచూపు చూస్తారేమో అని ఒక టెన్షన్ ఉంటుంది. దానికి బదులు, "ఈమధ్య మధ్యలో ఆపేసిన పుస్తకం ఏది? ఎక్కడ ఆపారు?" అని అడుగుతాను. ఈ ప్రశ్నకి ఎవరూ అబద్ధం చెప్పరు. మొదట కాస్త మొహమాటపడతారు, తర్వాత గబగబా చెప్పేస్తారు. "వర్ణనలు ఎక్కువయ్యాయండీ, మనుషులు మాట్లాడుకోవడం లేదు." "పాత్రలు ఇరవైమంది, ఎవరు ఎవరి తమ్ముడో గుర్తుండలేదు." "మంచివాళ్ళందరూ చచ్చిపోతున్నారు, రాత్రిపూట చదవలేకపోయాను." ఈ ఒక్కొక్క మాటలో ఆ మనిషికి ఏం కావాలో ఉంటుంది. వర్ణనలు వద్దన్నవాళ్ళకి సంభాషణ నడిపే రచయిత కావాలి. పాత్రలు గుర్తుండనివాళ్ళకి బహుశా రోజుకి పావుగంటే దొరుకుతోంది, వాళ్ళకి నవల కాదు, చిన్న కథలు ఇవ్వాలి.

ఇందులో నా తెలివేమీ లేదు. 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ గారు గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు. ఆయన లెక్కల మాస్టారుగా ఉండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోకి వచ్చినాయన. ఆ ఐదింటిలో రెండోది, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం ఉంటుందని. మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉంటాడని. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది, నాకూ మొదట అలాగే అనిపించింది. కాదు. రెండోది మనిషి వైపు నుంచి మొదలవుతుంది, మూడోది పుస్తకం వైపు నుంచి. అలమరలో ఎవరూ తియ్యని పుస్తకం ఒకటుంది, ఎక్కడో ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషి దగ్గరికి ఆ పుస్తకం చేరాలి. మనలాంటివాళ్ళం చేయగలిగిన పని ఈ మూడోది. మనం లైబ్రేరియన్లం కాకపోయినా సరే.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి సంగతి చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మా పెద్దమ్మ, చదువు పెద్దగా లేదు గానీ వారపత్రికల సీరియళ్ళు వదలకుండా చదివేది. కళ్ళ ఆపరేషన్ అయ్యాక ఏడాదిపాటు అన్నీ మానేసింది. తర్వాత ఓరోజు "ఒరే, నాకు ఏడిపించే పుస్తకం వద్దు, నీతులు చెప్పేది వద్దు, మనుషులు కూర్చుని మాట్లాడుకుంటూ ఉండాలి, అలాంటిది ఉంటే ఇవ్వు" అంది. ఇంతకంటే వివరంగా ఎవరు చెప్తారండీ! శ్రీపాద వారి కథలు తీసుకెళ్ళి ఇచ్చాను.

శ్రీపాద గురించి ఎవరైనా పరిచయం చేసేటప్పుడు సంప్రదాయ కుటుంబం నుంచి వచ్చారని, వితంతు వివాహాల మీద రాశారని, సంస్కరణవాది అని మొదలుపెడతారు. అవన్నీ నిజమే. కానీ అలా చెప్తే మా పెద్దమ్మ పుస్తకం ముట్టుకునేది కాదు. నేను చెప్పింది ఇంతే: "పెద్దమ్మా, ఇందులో ఒకాయన చదరంగం ఆడతాడు. చదరంగం గళ్ళ మీద వడ్లగింజలు పెట్టే కథ ఒకటుంది, చదివి నాకు చెప్పు." మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా అరవైనాలుగు గళ్ళూ నింపుకుంటూ పోతే ఎన్ని గింజలవుతాయన్న లెక్క మనలో చాలామంది విన్నదే. ఆ చిన్న లెక్కని చేతిలో పెట్టుకుని శ్రీపాద ఒక పెద్ద కథ నడిపారు, 'వడ్లగింజలు'. ఆట తెలియనివాళ్ళు కూడా ఊపిరి బిగబట్టి చదువుతారు. ఎందుకంటే అక్కడ అసలు ఆట బల్ల మీద జరగదు, మనుషుల మాటల్లో జరుగుతుంది. ఎవరు ఎవరిని తక్కువ అంచనా వేశారు, ఎవరు ఏ మాటకి ఎలా తిరిగారు, అదంతా సంభాషణలోనే తెలుస్తుంది.

మా పెద్దమ్మ ఆ కథ చదివాక ఫోన్ చేసి కథ గురించి ఏమీ చెప్పలేదు. "ఇందులో ఆడవాళ్ళు మాట్లాడే కథలు కూడా ఉన్నాయిరా, వాళ్ళు మాట్లాడుతుంటే మా అమ్మ పక్క గదిలో మాట్లాడుతున్నట్టుంది" అంది. ఆ మాటని మించిన విమర్శ శ్రీపాద మీద నేనెక్కడా చదవలేదు. తెలుగు పలుకుబడి అంటే ఏమిటని పిల్లలెవరైనా అడిగితే, నిర్వచనం చెప్పకుండా ఆయన కథ ఒకటి పైకి చదివి వినిపిస్తే చాలు. తర్వాత 'గులాబీ అత్తరు' చదివింది. ఎంతో ప్రేమగా అత్తరు తయారుచేసిన మనిషి దాన్ని గుణం తెలిసిన రాజుగారి దగ్గరికి చేర్చాలని పడే పాట్లు. అది చదివి మూడు రోజులు ఇంకేం చదవలేదట. ఆఖరికి ఆయన ఆత్మకథ 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' కూడా పూర్తిచేసింది. ముందే ఆ ఆత్మకథ ఇచ్చి ఉంటే? పది పేజీల దగ్గర ఆపేసి ఉండేదేమో. కథల్లో ఆయన గొంతు అలవాటయ్యాక, ఈ మనిషి ఎవరో తెలుసుకోవాలన్న కుతూహలం దానంతట అదే పుట్టింది.

అందుకే నేనేమంటానంటే, మనకి ఇష్టమైన రచయిత పేరు చెప్పడంతో పని అయిపోదు. ఆ రచయిత ఒక పెద్ద ఇల్లు అనుకుంటే, ఈ మనిషి ఏ గుమ్మంలోంచి లోపలికి వెళ్తే ఉండిపోతాడో చెప్పగలగాలి. చదివిన వాళ్ళం మనకే అది తెలుస్తుంది. సాహిత్య చరిత్ర పుస్తకాల్లో ఈ సంగతి ఉండదు, అక్కడ గొప్ప రచన ఏదో ఉంటుంది గానీ మొదటి రచన ఏది కావాలో ఉండదు.

చలం విషయంలో ఈ పొరపాటు ఎంత జరుగుతుందో మీకు తెలుసు. చలం అనగానే 'మైదానం' చేతిలో పెడతాం. కొంతమందికి అదే సరైన పుస్తకం, నేను కాదనను. కానీ ఎంతోమంది అందులోని రాజేశ్వరి మీద కోపంతోనో, అమీర్ మీద కోపంతోనో పుస్తకం మూసేసి, చలం అంటే ఇదే అని తేల్చేసుకుని, ఇక జన్మలో ఆయన వైపు చూడరు. చిన్న పిల్లలున్న తల్లిదండ్రులు అడిగితే నేను 'బిడ్డల శిక్షణ' ఇస్తాను. పిల్లల్ని కొట్టకుండా, భయపెట్టకుండా, మనుషులుగా చూడటం గురించి ఆయన అన్నేళ్ళ కిందట అంత సూటిగా రాశారంటే ఆశ్చర్యపోతారు. ఒంటరిగా ఎక్కువ ఆలోచించే మనిషికైతే 'మ్యూజింగ్స్'. ఎక్కడైనా తెరవొచ్చు, ఎక్కడైనా ఆపొచ్చు. ఈ రెండిటిలో ఏదో ఒకదాని మీదుగా వెళ్ళినవాళ్ళు 'మైదానం' చదివినప్పుడు వాదన పెట్టుకుంటారు, తలుపు మాత్రం వేసెయ్యరు.

రావిశాస్త్రి గారి విషయంలో నాది ఇంకా గట్టి అభిప్రాయం. 'అల్పజీవి'తో మొదలుపెట్టొద్దు. అది మంచి నవల, భయస్తుడైన ఒక మనిషి మనసులో ఆలోచనలు ఎలా పరిగెడతాయో అలాగే రాసిన నవల, కానీ అలాంటి రచనకి అలవాటుపడనివాళ్ళు మొదటి పేజీల్లోనే తడబడతారు. 'ఆరు సారా కథలు' ఇవ్వండి. ఆయన లాయరు. కోర్టు వరండాలో ఎవరెవరు నిలబడతారో, ఎవరు ఎవరికి భయపడతారో ఆయనకి క్షుణ్ణంగా తెలుసు. అందులో 'మాయ' అనే కథ ఉంది, అప్పుడే ప్రాక్టీసులోకి వచ్చిన కుర్ర లాయరు, సారా కేసులో దొరికిన ముత్యాలమ్మ. చదువుకున్నవాడికి లోకం గురించి ఆమె చెప్తుంది, అంతే కథ. న్యాయశాస్త్రం చదివే పిల్లలకి నేను ఈ కథ తప్పకుండా చెప్తాను. చదివినవాళ్ళు ఎవరూ నన్ను "ఎందుకు చెప్పారు?" అని అడగలేదు.

కొడవటిగంటి కుటుంబరావు గారిని అయితే ఇక్కడున్న చాలామంది ఆయన పేరు తెలియకముందే చదివేశారు. 1952 నుంచి 1980 దాకా చందమామ నడిపింది ఆయనే. ఆ తేట వాక్యం మీకు చిన్నప్పుడే అలవాటైంది. కాబట్టి ఆయన 'చదువు' నవల తెరిస్తే కొత్త రచయిత దగ్గరికి వెళ్ళినట్టు ఉండదు.

యాసలో రాసిన పుస్తకాల గురించి ఒక మాట. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి 'పచ్చనాకు సాక్షిగా' ఇస్తే, చిత్తూరు ప్రాంతం కానివాళ్ళు "మాకు అర్థం కాదేమో" అని వెనక్కి ఇచ్చేస్తుంటారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే, మొదటి పది పేజీలు పైకి చదవండి. కంటితో చదివితే అది అక్షరాల గుంపులా కనిపిస్తుంది, నోటితో చదివితే మనిషి మాట అవుతుంది. నోరు తిరిగాక కళ్ళు వాటంతటవే వెళ్తాయి. 'కన్యాశుల్కం' కూడా అంతే, ఒక్కరే కూర్చుని పరీక్షకి చదివినట్టు చదివితే సగంలో అలిసిపోతారు. అది నాటకం కదా! నలుగురు కూర్చుని, ఒకరు గిరీశం, ఒకరు మధురవాణి, ఒకరు రామప్పంతులు, అలా పంచుకుని చదివి చూడండి. మేం అలా చదివాం, నాలుగు ఆదివారాలు పట్టింది. అంతకుముందు దాన్ని రెండుసార్లు చదివినవాణ్ణే, కానీ ఎక్కడ నవ్వాలో అప్పుడే తెలిసింది. చదివేటప్పుడు 1909 నాటి రెండో కూర్పే తీసుకోండి. 1897లో వచ్చిన మొదటి కూర్పుని గురజాడ బాగా పెంచి, దాదాపు కొత్త నాటకంలా తిరగరాశారు, మనకి తెలిసిన కన్యాశుల్కం ఆ రెండోదే.

అనువాదాలైతే అనువాదకుడి పేరు కూడా చెప్పి ఇవ్వండి. 'ఏడు తరాలు' అనడం సరే, సహవాసి చేసిన 'ఏడు తరాలు' అనండి. అలెక్స్ హేలీ ఇంగ్లీషులో రాయగా 1976లో వచ్చిన అంత లావు పుస్తకాన్ని కుదించి, తెలుగులో ఏ తడబాటూ లేకుండా చదివించారాయన. అది నచ్చినవాళ్ళకి తర్వాత ఏం చదవాలో వెతుక్కోవడం కూడా సులువు, సహవాసి చేసిన ఇంకో అనువాదం తీసుకుంటారు. నేను కొన్ని దేశాల రచయితల దగ్గరికి అలా అనువాదకుల వెనకే నడిచి వెళ్ళాను.

సరే, పుస్తకం ఎంచుకున్నాం, ఎదుటి మనిషికి దాని గురించి ఎలా చెప్పాలి? "అద్భుతం", "తప్పక చదవాలి", "మాటల్లో చెప్పలేను" అంటాం. నిజంగా మాటల్లో చెప్పలేకపోతే ఇంకొన్నాళ్ళు ఆగి చెప్దాం. ఎందుకంటే ఈ మాటలు ఏ పుస్తకానికైనా అతుకుతాయి, వినేవాళ్ళకి ఏమీ అందదు. నన్ను ఎవరైనా పుస్తకం వైపు లాగారంటే, అది ఒక చిన్న చోటు చెప్పి లాగారు. ఒకమ్మాయి, నా వయసులో సగం ఉంటుంది, అబ్బూరి ఛాయాదేవి గారి కథ గురించి చెప్తూ "జీవితమంతా కంటినిండా నిద్రకి మొహం వాచిపోయిన ఆవిడ కథండీ, నిద్ర గురించి కథ రాయొచ్చని నాకు తెలీదు" అంది. అంతే. ఆ కథ పేరు 'సుఖాంతం'. అప్పటిదాకా ఛాయాదేవి గారి పేరు నాకు తెలుసు, 'తన మార్గం'కి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందని తెలుసు, 'బోన్సాయ్ బ్రతుకు' పాఠంగా ఉందని తెలుసు, కానీ ఇవేవీ నన్ను కదిలించలేదు. నిద్ర అన్న మాట కదిలించింది. ఆ రాత్రే చదివాను. మర్నాడు పొద్దున మా ఇంట్లో ముందు ఎవరు లేస్తున్నారో, ఆఖర్న ఎవరు పడుకుంటున్నారో మొదటిసారి గమనించాను. ఇంతకాలం ఎందుకు గమనించలేదో ఆలోచిస్తూ కూర్చున్నాను.

కథంతా చెప్పేస్తే చదివేవాళ్ళకి ఏం మిగులుతుంది అంటారు. మాలతీ చందూర్ గారు దీనికి ఎదురు ఉదాహరణ. స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' అని ఇంగ్లీషు నవలల్ని ఒక్కొక్కటీ మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చెప్పుకొచ్చారు. కథ మొత్తం తెలిసిపోయేది. అయినా వాటిని చదివి అసలు నవలల కోసం వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు, నేనూ వాళ్ళలో ఒకణ్ణి. ఇంగ్లీషు రాక అక్కడితో ఆగినవాళ్ళు కూడా, ఎక్కడో వేరే దేశంలో ఒక ఆడమనిషి పడిన బాధని తన పక్కింటి సంగతిలా తెలుసుకున్నారు. ఎందుకు పనిచేసిందంటే ఆవిడ నవలని ఒప్పజెప్పలేదు, తను చదివి కదిలిన మనిషిగా ఇంకో మనిషికి చెప్పారు. కాబట్టి కథ చెప్పాలా వద్దా అనేదానికి పెద్ద నియమం ఏమీ లేదని నా అభిప్రాయం. రహస్యం మీద నడిచే కథైతే నోరు మూసుకోవాలి, అది మాత్రం ఖాయం.

ఇప్పుడు ఒక స్నేహితుడు చేసిన పని చెప్తాను. ఆర్.కె. నారాయణ్ మొదటి నవల రాసి ప్రచురణకర్తలకి పంపితే అందరూ తిప్పి పంపేశారు. ఆయన స్నేహితుడు పూర్ణ అప్పుడు ఇంగ్లండులో చదువుకుంటున్నాడు. వెనక్కి వచ్చే రాతప్రతి చివరికి పూర్ణ చేతికి చేరేలా ఏర్పాటు చేసి, విసిగిపోయి, దానికి ఒక రాయి కట్టి థేమ్స్ నదిలో పడెయ్యమని రాశారు నారాయణ్. పూర్ణ ఆ మాట వినలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉంటున్న ఇంగ్లీషు నవలా రచయిత గ్రాహం గ్రీన్ దగ్గరికి తీసుకెళ్ళి, చదవమని ఇచ్చాడు. గ్రీన్ చదివి, అక్కడితో ఆగకుండా, ప్రచురణకర్తని ఒప్పించాడు. 1935లో 'స్వామి అండ్ ఫ్రెండ్స్' వచ్చింది. ఆ పేరు కూడా గ్రీన్ సూచించిందే, రచయిత పొడుగు పేరుని ఆర్.కె. నారాయణ్‌గా కుదించమన్నదీ ఆయనే. పుస్తకం బాగా అమ్ముడుపోలేదు. ఆ ప్రచురణకర్త రెండో పుస్తకం వెయ్యలేదు. గ్రీన్ మళ్ళీ ఇంకో ప్రచురణకర్త దగ్గరికి వెళ్ళాడు, తర్వాత మళ్ళీ ఇంకొకరి దగ్గరికి.

ఇందులో అందరూ గ్రీన్ గొప్పతనం చెప్తారు, చెప్పాల్సిందే. నాకు మాత్రం పూర్ణ ఎక్కువ గుర్తుంటాడు. ఆయన రచయిత కాదు, విమర్శకుడు కాదు. చేతిలో ఒక రాతప్రతి ఉంది, రాసినవాడే పారెయ్యమన్నాడు. ఈ ఊళ్ళో దీన్ని చదవాల్సిన మనిషి ఎవరు అని ఆలోచించాడు. ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వలేదు, పదిమందికి ప్రకటించలేదు, ఒక్క మనిషిని ఎంచుకుని ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఇందాక రంగనాథన్ గారి మూడో సూత్రం అన్నాను చూడండి, అది ఇదే. రంగనాథన్ ఆ సూత్రం రాసిన నాలుగేళ్ళకే ఈ సంగతి జరిగింది, ఒకదానితో ఒకటి ఏ సంబంధం లేకుండా.

ఎంత పెద్ద పాఠకులైనా తప్పు చేస్తారు, అది కూడా అనుకోవాలి. ఆంద్రే జీద్ లాంటి ఫ్రెంచ్ రచయిత, మార్సెల్ ప్రూస్ట్ రాసిన పెద్ద నవల మొదటి సంపుటాన్ని తన ప్రచురణ సంస్థ తరఫున కాదన్నాడు. ప్రూస్ట్ 1913లో సొంత ఖర్చుతో వేయించుకున్నాడు. తర్వాత జీద్ ఆ పుస్తకాన్ని సరిగ్గా చదివి, 1914లో ప్రూస్ట్‌కి ఉత్తరం రాసి క్షమాపణ అడిగాడు. అక్కడక్కడా తిరగేసి తేల్చేసుకున్నానని ఒప్పుకున్నాడు. నాకు ఈ ఉత్తరం ఎప్పుడు తల్చుకున్నా ధైర్యం వస్తుంది. ఎప్పుడో "నాకు ఎక్కదు" అనుకుని పక్కనపెట్టిన బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' మళ్ళీ తీసి చదవడానికి నాకు ఆ ధైర్యమే ఉపయోగపడింది. మొదటిసారి చదివినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు, కథానాయకుడు దయానిధి ఎందుకంత తటపటాయిస్తాడో అర్థం కాలేదు. తల్లి గురించి లోకం అనే మాట ఒక కొడుకు వెంట ఎంతకాలం నడుస్తుందో అర్థం కావడానికి కొంత వయసు కావాలి. కాబట్టి ఎవరైనా మీరిచ్చిన పుస్తకం నచ్చలేదంటే, ఆ పుస్తకం వాళ్ళకి ఇంకా రాలేదనుకోండి. బలవంతం చెయ్యొద్దు. నెలకోసారి "చదివారా?" అని అడగొద్దు, అలా అడిగితే మనిషి మనల్ని తప్పించుకు తిరుగుతాడు.

బాధ ఉంటుందండీ, లేదనను. మనం ప్రాణంగా చూసుకునే రచయితని ఒకరు "ఏముంది ఇందులో?" అంటే మనల్నే అన్నట్టుంటుంది. నేను ఒకప్పుడు గంటలు గంటలు వాదించేవాణ్ణి. వాదిస్తే ఆ పుస్తకం వాళ్ళకి ఇంకా దూరమవుతుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు "ఎక్కడ అడ్డం పడింది?" అని అడిగి వింటాను. కొన్నిసార్లు వాళ్ళు చెప్పేది నిజంగానే ఆ పుస్తకంలో లోపం అయ్యుంటుంది, ప్రేమ కొద్దీ నేను చూడకుండా దాటేసినది. అలా నా అభిమాన రచయితల్ని నేను ఇంకా బాగా చదవగలిగాను.

ఎరువిచ్చే సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ప్రతి సభలో దీని మీదే ఎక్కువ గొడవ. తిరిగి రాకపోతే తట్టుకోలేని పుస్తకం ఎరువివ్వకండి. నాకు నచ్చినవి రెండేసి ప్రతులు ఉంచుకుంటాను, పాతవి దొరికితే ఇంకో ప్రతి తీసుకుంటాను. ఒకటి నాది, రెండోది తిరగడానికి. తిరిగే ప్రతి వెనక అట్ట లోపల, తీసుకున్నవాళ్ళు ఒక్క వాక్యం రాయాలని అడుగుతాను, ఏ పేజీ దగ్గర ఆగి మళ్ళీ చదివారో. 'ఆరు సారా కథలు' అలా తిరిగి తిరిగి పద్నాలుగు వాక్యాలతో నా దగ్గరికి వచ్చింది. పద్నాలుగు మందిలో ఏ ఇద్దరూ ఒకే పేజీ రాయలేదు. ఒకరు మాత్రం "ఎక్కడా ఆగలేదు" అని రాశారు.

నేను ఇంకా చాలామంది గురించి చెప్పాలనుకున్నాను, ఓల్గా గారి 'విముక్త' గురించి, ఉప్పల లక్ష్మణరావు గారి 'అతడు ఆమె' గురించి. కానీ అవి ఎవరికి చెప్పాలో తెలియకుండా చెప్పడం నాకిప్పుడు ఇష్టం లేదు. మీలో ఎవరైనా "నాకు డైరీ రూపంలో రాసింది నచ్చుతుంది" అంటే అప్పుడు లక్ష్మణరావు గారి గురించి అరగంట మాట్లాడతాను. "సీత వైపు నుంచి చెప్తే ఎలా ఉంటుంది?" అని ఎవరైనా అడిగితే 'విముక్త' గురించి.

కాబట్టి ఇక్కడ ఆపేసి నేను అడగడం మొదలుపెడతాను. మైకు కాస్త అటు ఇవ్వండి. ఆ మూడో వరుసలో, నేను మాట్లాడినంతసేపూ ఒళ్ళో ఒక పుస్తకం పెట్టుకుని కూర్చున్నారు చూడండి, మీరే అమ్మా, మధ్యలో ఎక్కడో వేలు పెట్టుకుని ఉన్నారు. అది ఏ పుస్తకం? ఆ పేజీ దగ్గర ఎందుకు ఆగారు?